పది మంది పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ కిట్: మన మొరం గ్రౌండ్‌కు ఎంతవరకు ఆగుతుంది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మనిషిని ఢీకొట్టి కింద పడేసే ఆట ఒకటి. నడుముకు వేలాడే పట్టీ గుంజితే చాలు, అక్కడికి ఆట ఆగిపోయే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఇంకొకటి. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌తో పాటు ఈ రెండో ఆటకు కూడా 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. బడిలోనో వేసవి శిబిరంలోనో పిల్లలకు ఇది నేర్పుదామని కిట్ కోసం వెతికితే ఆన్‌లైన్‌లో కనిపించేది దాదాపు ఒకే తరహా పెట్టె. అందులో 5 ఎరుపు, 5 పసుపు బెల్టులు, ఒక్కో బెల్టుకు మూడేసి చొప్పున 30 ఫ్లాగులు, 12 డిస్క్ కోన్లు, ఒక బాల్, చిన్న పంపు, వల సంచి ఉంటాయి. కొన్నింట్లో ఆట ప్లాన్లు అచ్చేసిన కార్డులు కూడా వేస్తారు.

8 నుంచి 14 ఏళ్ల పిల్లలకు నేర్పే పీఈటీలను, శిబిరాలు నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పెట్టెను పరీక్షిద్దాం. అసలు మాట ముందే చెప్పేస్తున్నాం. బెల్టుల కోసం ఈ కిట్ కొనండి, బాల్ కోసం మాత్రం కొనకండి. కోన్లు, పంపు హనుమకొండ, వరంగల్ స్పోర్ట్స్ దుకాణాల్లో చూసి, చేత్తో పట్టి కొనుక్కోవచ్చు. కార్డులతో మొదటి రెండు నెలలు పనే ఉండదు.

బాల్

కిట్ బాల్‌లో మొదటి లోపం సైజు. రెండు కొసలూ మొనదేలి ఉండే ఈ బాల్, పెద్దల ఆటలో అయితే 11 అంగుళాల పొడవు, అంటే 28 సెంటీమీటర్లు. బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. పెట్టెలో ఎక్కువగా వచ్చేది ఈ కొలతే. పదేళ్ల పిల్లవాడి చేతికి అది పట్టు దొరకదు. వేళ్లతో పట్టుకోవాల్సిన బాల్‌ను వాడు అరచేతికి ఆనించి తోస్తాడు. తోసిన బాల్ తన చుట్టూ తాను తిరగదు, కాబట్టి గాల్లో ఊగులాడుతూ పోయి మధ్యలోనే కూలబడుతుంది. దూరం చాలడం లేదని వాడు నడుము వెనక్కి విరిచి బలమంతా పెడతాడు, అప్పుడు గురి కూడా పోతుంది. ఇదంతా పిల్లవాడి తప్పు అనుకుని అరిచే కోచ్‌లు ముందు వాడి చేతిలోని బాల్ మార్చి చూడాలి.

విల్సన్ లాంటి పాత తయారీదార్లు వయసును బట్టి నాలుగు సైజులు చేస్తారు. 6 నుంచి 9 ఏళ్లకు పీ వీ, 9 నుంచి 12 ఏళ్లకు జూనియర్, 12 నుంచి 14 ఏళ్లకు యూత్, ఆ పైన అఫీషియల్. కొనేటప్పుడు పెట్టె మీద ఈ మాట ఉందో లేదో చూడాలి. "స్టాండర్డ్ సైజ్" అని మాత్రమే రాసి ఉంటే పెద్దల బాల్ అనే అనుకోండి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోవడం మేలు. చిన్న బాల్‌తో సరైన పట్టు నేర్చుకున్నవాడు ఏడాది తర్వాత పెద్దదానికి తేలిగ్గా మారతాడు. పెద్ద బాల్‌తో తోయడం అలవాటైనవాడికి ఆ తోపు మాన్పించడం చాలా కష్టం.

సైజు సరిపోయిందో లేదో గ్రౌండ్‌లోనే తేల్చుకోవచ్చు. పిల్లవాడిని చేయి ముందుకు చాపి, అరచేయి నేలవైపు పెట్టి, బాల్ వెనక సగాన్ని పైనుంచి వేళ్లతో పట్టుకోమనండి. ఐదు లెక్కపెట్టేలోపు జారిపోతే అది వాడికి పెద్ద బాల్. పట్టు నిలిచినవాడిని వాలీబాల్ కోర్టు చివరి గీత దగ్గర నిలబెట్టి నెట్ దాకా విసరమనండి. ఆ దూరం 9 మీటర్లు, ఈ ఆట లెక్కలో దాదాపు 10 గజాలు. ఐదింట్లో మూడు సార్లు బాల్ తిరుగుతూ చేరితే సైజు కుదిరినట్టే.

రెండో సంగతి, బాల్ దేనితో చేశారు అన్నది. కిట్ బాల్ రబ్బరు అచ్చు. మన గ్రౌండ్లకు ఇది మంచిదే. తోలు బాల్ మొరం మీద పడి దొర్లితే పైపొర గీసుకుపోయి నున్నగా అవుతుంది, వాన నీళ్లు తగిలితే బరువెక్కుతుంది. రబ్బరుకు ఆ బాధ లేదు. కానీ అచ్చు బాల్‌కు లేసులు (పట్టు కోసం బాల్ మీద ఉండే కుట్టు తాళ్లు) కూడా అచ్చులోనే వస్తాయి, కొన్నింటికి అవి గీతలు గీసినట్టు చదునుగా ఉంటాయి. గోరు పెట్టి చూడండి, గోరు ఆగాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఆ లేసుల మీద ఆని ఉంటేనే పట్టు దొరుకుతుంది. కాంపోజిట్ (కృత్రిమ తోలు) బాల్‌కు నిజం లేసు ఉంటుంది కాబట్టి ఇంకో సౌకర్యం కూడా ఉంది. తుమ్మ ముల్లు దిగి బ్లాడర్ (లోపలి గాలి తిత్తి) పోతే లేసు విప్పి కొత్త బ్లాడర్ వేయించుకోవచ్చు. అచ్చు బాల్‌కు ముల్లు దిగితే దాని పని అయిపోయినట్టే. గ్రౌండ్ చుట్టూ తుమ్మలు, లోపల పల్లేరు కాయలు ఉన్న చోట ఆటకు ముందు ఒక చీపురు తిప్పించడం పిల్లల కాళ్లకూ మంచిది, బాల్‌కూ మంచిది.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. ఎంత గాలి పట్టాలో వాల్వ్ పక్కనే అచ్చేసి ఉంటుంది, పెద్ద సైజుకు సాధారణంగా 13 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర. పొద్దున 28 డిగ్రీలు ఉన్నప్పుడు 13 పెట్టిన బాల్‌లో, మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలకు దాదాపు 14.4 అవుతుంది. అదే బాల్ కారు డిక్కీలో 60 డిగ్రీల వేడికి మగ్గితే 16 దగ్గరికి పోతుంది. కుట్లు విడేది, రబ్బరు ఉబ్బేది అలాగే. గట్టిపడ్డ బాల్ చేతిలో పడగానే ఎగిరిపోతుంది, వేళ్లు కూడా నొప్పి పెడతాయి. అందుకే వాడాక కొంచెం గాలి తీసి నీడలో పెట్టాలి. కిట్‌లోని పంపు సూది సన్నగా ఉంటుంది. తడి చేయకుండా గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది, అడ్డంగా వంచితే సూది విరిగి లోపలే ఉండిపోతుంది. నాలుగు సూదులు విడిగా కొని పెట్టుకోండి.

అన్నిటికంటే పెద్ద లోపం, పది మందికి ఒక్క బాల్ ఇవ్వడం. పదిహేను నిమిషాల క్యాచింగ్‌లో పది సెకన్లకు ఒక త్రో అనుకుంటే ఒక్క బాల్‌తో 90 త్రోలు, అంటే పిల్లవాడికి తొమ్మిదే. మిగతా సమయమంతా లైన్‌లో నిలబడి పక్కవాడిని గిల్లుతుంటాడు. ఐదు బాల్స్ ఉంటే అదే పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరికి 45 వస్తాయి. రెండో కిట్ కొనే డబ్బుంటే దానికి బదులు నాలుగు జూనియర్ బాల్స్ కొనండి. ఇంతకంటే మంచి ఖర్చు ఈ ఆటలో మొదటి ఏడాది ఇంకోటి లేదు.

బాల్ గురించి చెప్పుకుంటున్నప్పుడే నేర్పే పద్ధతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన పిల్లల చేతుల్లో ముందే క్రికెట్ ఉంది. బౌండరీ దగ్గర నుంచి విసిరినట్టు మోచేయి కిందికి జార్చి పక్కనుంచి విసురుతారు. ఈ బాల్‌ను అలా విసిరితే ముక్కు పైకి లేచి అడ్డం తిరుగుతుంది. మోచేయి భుజం ఎత్తులో ఉండాలి, బాల్ చెవి పక్కనుంచి బయల్దేరాలి, ఎడమ కాలు (ఎడమచేతి వాటం వాళ్లకు కుడి కాలు) గురి వైపు పడాలి, చివరగా బాల్‌ను వదిలేది చూపుడు వేలు. అరచేతికీ బాల్‌కూ మధ్య కొంచెం సందు కనిపించాలి. మొదట మోకాలి మీద కూర్చోబెట్టి 4 మీటర్ల నుంచి విసిరించండి. కాళ్ల బలం లేకుండా చేస్తే చేయి తప్పు వెంటనే బయటపడుతుంది.

క్యాచ్‌లోనూ అంతే. క్రికెట్‌లో చాలామంది పిల్లలు వేళ్లు కిందికి పెట్టి దోసిలి పడతారు. ఇక్కడ ఛాతీకి పైన వచ్చే బాల్‌కు రెండు బొటనవేళ్లు, చూపుడు వేళ్లు దగ్గరకు చేర్చి ముక్కోణం పెట్టాలి. నడుము కింద వచ్చేదానికి మాత్రమే చిటికెన వేళ్లు కలపాలి. చేతులు శరీరానికి దూరంగా చాచి వేళ్లతో అందుకుని ఆ తర్వాత చంకలో దాచాలి. ఛాతీకి ఆనించి పట్టేవాడికి చాలా బాల్స్ ఎగిరిపోతాయి. వేళ్లు నేరుగా బాల్ వైపు చూపించేవాడికి వేలు బెణుకుతుంది. ఈ ఆటలో పిల్లలకు తరచూ తగిలే దెబ్బ ఇదే. వేలు గుంజి సరిచేయడం, నూనె పెట్టి రుద్దడం చేయకండి. చల్లటి నీళ్లలో పెట్టించి, పక్క వేలితో కలిపి టేప్ చుట్టండి. వంకర తిరిగినా, మడవడానికి గానీ చాపడానికి గానీ రాకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

బెల్టులు, ఫ్లాగులు

కిట్ కొనాలా వద్దా అన్నది తేల్చేది ఇవే. రెండు రకాలు వస్తున్నాయి. ఒకదాంట్లో ఫ్లాగు బెల్టుకు వెల్‌క్రోతో అతుక్కుంటుంది. ఇంకోదాంట్లో ఫ్లాగు చివర ప్లాస్టిక్ గుండు ఉంటుంది, అది బెల్టుకు కుట్టిన గిన్నెలాంటి సాకెట్‌లో నొక్కితే కూర్చుంటుంది.

వెల్‌క్రో రకం గచ్చు మీద, లాన్ మీద బాగానే ఉంటుంది. మొరం మీద మాత్రం వద్దు. లాగిన ఫ్లాగు కింద పడుతుంది, వెల్‌క్రో కొక్కేల్లోకి ఎర్రమట్టి, గడ్డిపరకలు దూరతాయి. కొన్నాళ్లకు పట్టు తగ్గి, పిల్లవాడు పరుగెత్తుతుంటేనే ఫ్లాగు రాలిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడేమో ఎనిమిదేళ్ల పిల్ల రెండు చేతులతో గుంజినా రాదు, ఫ్లాగుతో పాటు బెల్టంతా తిరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి కొక్కేలు గీకి శుభ్రం చేసుకునే ఓపిక ఉంటే నెట్టుకురావచ్చు.

సాకెట్ రకమే మేలు. గుండు ఊడేటప్పుడు 'టప్' మని చప్పుడు వస్తుంది, అటువైపు చూడని రిఫరీకి కూడా వినిపిస్తుంది. లాగారా లేదా అనే గొడవ సగం అక్కడే తీరిపోతుంది. తెరిచి చూసేటప్పుడు మూడు సంగతులు చూడాలి. సాకెట్‌ను బెల్టుకు దారంతో కుట్టారా, గమ్‌తో అతికించారా? గమ్ అయితే ఎండకు విడుతుంది. సాకెట్ నోరు కిందికి, బయటికి చూస్తోందా? లోపలికి తిరిగి ఉంటే లాగేవాడి వేలు నిక్కరులో ఇరుక్కుంటుంది. గుండు నొక్కి, ఫ్లాగు పట్టుకుని బెల్టును గాల్లో నాలుగుసార్లు ఊపితే రాలకూడదు, వేళ్లతో ఒక్క గుంజు గుంజితే రావాలి. వాడుతున్న కొద్దీ సాకెట్ నోరు వెడల్పవుతుంది. ఫ్లాగు తనంతట తాను ఊడినా బాల్ పట్టుకున్నవాడి ఆట అక్కడికి ఆగిపోతుంది కాబట్టి, వదులైన బెల్టులను మ్యాచ్‌కు వాడకుండా ప్రాక్టీసుకు మళ్లించాలి.

ఒక బెల్టుకు మూడు ఫ్లాగులు ఇస్తున్నా, అంతర్జాతీయ ఆటలో ఉండేవి రెండే, తుంటికి ఒకటి. మూడోది వెనక వేలాడుతుంది, వెంటపడేవాడికి పని మరీ సులువవుతుంది. పదేళ్ల లోపువాళ్లకు మొదటి కొన్ని వారాలు మూడూ పెట్టండి, లాగిన సంతోషం వాళ్లకు కావాలి. తర్వాత వెనకది తీసేయండి. మిగిలిన పది ఫ్లాగులు స్పేర్‌గా పనికొస్తాయి.

బెల్టు పొడవు ఇంకో తలనొప్పి. పెద్దల నడుముకు సరిపోయేట్టు చేస్తారు కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లకు కట్టాక జానెడుకు మించి తోక మిగిలి కిందికి వేలాడుతుంది. దాన్ని ఫ్లాగు అనుకుని అవతలివాడు గుంజుతాడు, పిల్ల నేల మీద పడుతుంది. తోకను ముడి వేయకండి, ముడి తుంటికి గుచ్చుకుంటుంది. పిల్లలందరికీ కట్టి చూసి, 10 సెంటీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించి, నైలాన్ అంచును కొవ్వొత్తి మంట దగ్గర ఒక్క క్షణం పెట్టి కరిగించండి, పోగులు లేవవు. రెండు మూడు బెల్టులు మాత్రం పొడవుగానే ఉంచుకోండి. బెల్టు మీదికి చొక్కా రాకూడదు, నిక్కరులోకి దోపాలి.

నిక్కరు అన్నప్పుడు ఒక ముఖ్యమైన విషయం. బడి ట్రాక్ ప్యాంట్లకు పక్క జేబులు ఉంటాయి, ఫ్లాగులు వేలాడేది సరిగ్గా ఆ జేబుల మీదే. పరుగులో ఉన్నవాడి జేబులో లాగేవాడి వేలు చిక్కుకుంటే వేలు విరుగుతుంది. అమెరికాలో పిల్లల లీగుల్లో జేబుల్లేని నిక్కర్లే వేసుకోవాలన్న నియమం ఇందుకే ఉంది. దర్జీ దగ్గర జేబు నోళ్లు కుట్టించేస్తే సరిపోతుంది. నిక్కరు రంగు ఫ్లాగు రంగులో కలిసిపోకూడదు. ఎర్ర నిక్కరు మీద ఎర్ర ఫ్లాగు కనబడదు.

ఇక లాగడం నేర్పడం. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఈ ఆటకు వచ్చే పిల్లల్లో కబడ్డీ తెలిసినవాళ్లు మస్తుగా ఉంటారు. అది పెద్ద వరం. వంగి నిలబడటం, చిన్న అడుగులు, అవతలివాడు ఎటు కదులుతాడో కనిపెట్టడం వాళ్లకు నేర్పక్కర్లేదు. చిక్కు ఒక్కటే. దగ్గరికి రాగానే చేతులు తొడ మీదికో నడుము మీదికో పోతాయి, పట్టు బిగుస్తుంది. ఇక్కడ మనిషిని పట్టుకోవడం ఫౌల్. ఆ అలవాటు మాటలతో మానదు, ఒక చిన్న నియమంతో మానుతుంది. ఫ్లాగు లాగిన చేతిని ఆ క్షణమే తలపైకి ఎత్తాలి, ఎత్తకపోతే లాగినట్టు కాదు అని చెప్పండి. చేయి పైకి పోవాలంటే పట్టు వదలాల్సిందే. ఆటలో రిఫరీకి చూపించేది కూడా ఇలాగే.

దీనికి గ్రౌండ్ వెతుక్కోనక్కర్లేదు, వాలీబాల్ కోర్టులో సగం చాలు, 9 మీటర్లకు 9 మీటర్లు. అందులో 3 మీటర్ల వెడల్పుతో మూడు దారులు గీయండి. ఒకడు బాల్‌తో, ఇంకొకడు 5 మీటర్ల ఎదురుగా. ఒక్కొక్కరికి ఎనిమిది సార్లు, తర్వాత తారుమారు. చెప్పే మాటలు కూడా పొట్టిగా ఉండాలి: "నడుము చూడు, కండ్లు చూడకు", "చేతులు ఆపు, కాళ్లు కదుపు", "దగ్గరికొచ్చినాకనే గుంజు". దూరం నుంచి చేయి చాపినవాడు బోర్లా పడతాడు. తల దించి నడుములోంచి వంగినవాడికి ముందున్నది కనబడదు, తలలు కొట్టుకునేది అప్పుడే. ఇద్దరు కలిసి ఒకడి మీదికి పోతే ఒకడు బయటివైపు, ఒకడు లోపలివైపు అని ముందే పంచాలి. ఒకే జట్టు పిల్లలు ఢీకొన్నా గట్టి దెబ్బలు తగులుతాయి.

బాల్ పట్టుకున్నవాడికి కూడా రెండు నిషేధాలు చెప్పాలి. చేత్తో ఫ్లాగును కప్పుకోవడం, అవతలివాడి చేయి తోసేయడం ఫౌల్. పిల్లల లీగుల్లో ఫ్లాగు తప్పించుకోవడానికి ఎగరడం, డైవ్ కొట్టడం కుదరదు. రైడ్‌లో గీత అందుకోవడానికి దూకే అలవాటున్న పోరగాళ్లు మొరం మీద మోచేతులు చీల్చుకునేది ఈ ఒక్కటి చెప్పకపోతేనే.

కోన్లు, గీతలు

కిట్ డిస్క్ కోన్లు పలచన. గాలికి లేస్తాయి, తొక్కితే చీలుతాయి. పన్నెండు చాలవు కూడా. అంతర్జాతీయ ఆట మైదానం 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు, రెండు చివర్లా 10 గజాల ఎండ్ జోన్‌లు (బాల్‌తో చేరితే పాయింట్లు వచ్చే చోట్లు). అంటే మొత్తం సుమారు 64 మీటర్లు, 23 మీటర్లు. మూలలు, ఎండ్ జోన్ గీతలు, సగం గీత, పరుగు నిషిద్ధమైన 5 గజాల గీతలు అన్నీ కలిపి చూస్తే దాదాపు ఇరవై కావాలి. దుకాణాల్లో దొరికే మెత్తని రబ్బరు డిస్క్‌లు తీసుకోండి. ఇటుక ముక్కలు, రాళ్లు మాత్రం పెట్టకండి. చిన్నపిల్లలకు పూర్తి మైదానం అక్కర్లేదు, హ్యాండ్‌బాల్ కోర్టు కొలత (40 మీటర్లకు 20) నలుగురు నలుగురుగా ఆడటానికి చక్కగా సరిపోతుంది.

గీతలకు సున్నం పొడి చల్లే అలవాటు ఉంది. సరిగ్గా చల్లారని సున్నం చెమట తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ ఆటలో పిల్లలు గీతల మీద పడతారు, బాల్ గీతల మీద దొర్లి మళ్లీ ముఖం దగ్గరికి వస్తుంది. ముగ్గుపిండి వాడండి.

కార్డులు

అరచేతి కార్డుల మీద ఇరవై ముప్పై ప్లాన్లు, బాణం గుర్తులు చిన్నగా అచ్చేసి ఉంటాయి. పన్నెండేళ్లవాడు బాల్ వేసేలోపు వాటిని చదవలేడు, చదివినా తన బాణం ఏదో గుర్తుండదు. అమెరికాలో విస్తారంగా వాడే పిల్లల నియమాల్లో బాల్ చేతికొచ్చాక 7 సెకన్లలో విసరాలి, 7 గజాల దూరం నుంచి అవతలివాడు మీదికి రావచ్చు. ఇంత తొందరలో మూడు దారులు బాగా వస్తే చాలు. ఐదు పరుగు అడుగులు వేసి ఆగి వెనక్కి తిరగడం, ఐదు అడుగులు వేసి పక్క గీత వైపు మలగడం, మూడు అడుగులు వేసి ఏటవాలుగా లోపలికి కోయడం. మలిగే చోట ఒక కోన్ పెట్టండి. పిల్లలు ఆ మలుపును గుండ్రంగా తిప్పుతారు, వెంటపడేవాడికి సమయం దొరుకుతుంది. కోన్ దగ్గర బయటి కాలు గట్టిగా నాటి తిరగాలి. బాల్ విసిరేవాడు కూడా వాడు తిరిగేదాకా ఆగకూడదు, తిరగబోతుండగానే వదలాలి.

మొదటి రెండు వారాలు మీదికి రావడం బంద్ పెట్టి, ఏడు దాకా పిల్లలతోనే గట్టిగా లెక్కపెట్టించండి. మీదికి ఎవరో వస్తున్నారంటే కొత్తవాడు వెనక్కి వెనక్కి పరుగెత్తి 10 గజాలు పోగొడతాడు. బాల్ అందించిన సెంటర్ పిల్లవాడు రెండడుగులు ముందుకేసి తిరిగి నిలబడితే వాడికి ఎప్పుడూ ఒక దారి తెరిచి ఉంటుంది. చేతికి బాల్ ఇచ్చే హ్యాండాఫ్‌లో ఎక్కువసార్లు జారేది మోచేయి వల్ల. ఇచ్చేవాడి వైపున్న మోచేయి పైకి, రెండో చేయి పొట్ట కింద అడ్డంగా ఉంటే బాల్ నేరుగా ఒడిలో పడుతుంది.

పెట్టెలో లేనివి, కొనాల్సినవి, కొనకూడనివి

మౌత్‌గార్డ్ కొనాలి. వేడి నీళ్లలో ముంచి కొరికి అచ్చు తీసుకునే రకం సరిపోతుంది, ప్యాకెట్ మీద రాసిన సమయం మించితే కరిగి పనికిరాకుండా పోతుంది. ఒకరిది ఒకరు వాడకూడదు. బూట్ల విషయంలో ఆలోచించాలి. మొరం గట్టిగా ఉన్న చోట స్టడ్ బూట్లు జారతాయి, చీలమండ మెలిపడుతుంది. చదునైన రబ్బరు అడుగున్న మామూలు కాన్వాస్ బూట్లే నయం. స్టడ్స్ గడ్డి గ్రౌండ్‌కు మాత్రమే, లోహపు స్పైక్స్ ఎక్కడా వద్దు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం లాంటి చోట సింథటిక్ ట్రాక్ దాటుకుని పోవాల్సి వస్తే స్టడ్ బూట్లు చేత్తో పట్టుకుని దాటించండి.

హెల్మెట్లు, భుజం ప్యాడ్లు సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తున్నాయని ఆశపడకండి. అమెరికాలో పిల్లల హెల్మెట్‌కు నాక్సీ (క్రీడా పరికరాల భద్రతా ప్రమాణాలు పెట్టే అక్కడి సంస్థ) ప్రమాణం ముద్ర ఉండాలి, ఎప్పటికప్పుడు తిరిగి పరీక్షించి ధ్రువీకరించాలి, ప్రతి తలకూ విడిగా సరిపెట్టాలి. ఆ ఏర్పాటు మన దగ్గర లేదు. పాత హెల్మెట్ లోపలి మెత్తలు గట్టిపడి ఉంటాయి, బయటికి మాత్రం మెరుస్తుంటుంది. క్రికెట్ హెల్మెట్ బంతి తగలడానికి చేసింది, తలా తలా కొట్టుకోవడానికి కాదు. అన్నిటికంటే ముఖ్యం, హెల్మెట్ పెట్టగానే పిల్లవాడు తలతో పోవడం మొదలుపెడతాడు. ఆ దేశంలోనే పేరున్న పిల్లల లీగు పాప్ వార్నర్ 2012లో ఢీకొట్టే సాధనను ప్రాక్టీసు సమయంలో మూడో వంతుకు పరిమితం చేసింది, 2016లో చిన్న వయసు విభాగాల్లో కిక్ఆఫ్‌లే (బాల్‌ను తన్ని ఆట మొదలుపెట్టడం) తీసేసింది. అన్ని సదుపాయాలు ఉన్నవాళ్లే తగ్గిస్తుంటే, డాక్టరు కూడా లేని గ్రౌండ్‌లో మనం ట్యాకిల్ (ఢీకొట్టి పడేసే ఆట) మొదలుపెట్టడం పిల్లల తలలతో చెలగాటమే.

వేసవి శిబిరమైతే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడుంపావుకు ముగించాలి. పావుగంటకోసారి ఆపి అందరితోనూ నీళ్లు తాగించాలి, దాహమైనవాళ్లు తాగండి అని వదిలేయకూడదు. మొదటి వారం పది రోజులు ఆట తేలిగ్గా ఉంచితే ఒళ్లు ఎండకు అలవాటు పడుతుంది. పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా నీడలోకి తీసుకుపోయి ఒంటి నిండా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.

ఆర్డర్ పెట్టే ముందు

అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఫ్లాగులు విడిగా దొరుకుతాయా? సాకెట్ కొలత ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, వేరేవాళ్ల గుండు ఇందులో పట్టదు, కాబట్టి విడి ఫ్లాగులు అమ్మనివాళ్ల దగ్గర కొంటే ఏడాదికి బెల్టులు కూడా పారేయాల్సి వస్తుంది. సాకెట్ కుట్టిందా, అతికించిందా, దగ్గరి నుంచి తీసిన ఫోటో పంపుతారా? బాల్ బదులు ఇంకో ఐదు ఫ్లాగులు ఇస్తారా? బడి లెటర్‌హెడ్ మీద అడిగితే కొందరు ఒప్పుకుంటారు.

వచ్చాక వాడకం ఇలా. ఆట అవగానే ఫ్లాగులన్నీ బెల్టులకు తగిలించి లెక్కపెట్టించండి, లెక్క తప్పితే అప్పుడే గ్రౌండ్‌లో దొరుకుతుంది, రేపటికి దొరకదు. వారానికోసారి చల్లటి నీళ్లు, బట్టల సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. ఎండలో ఆరేస్తే ఎరుపు వెలిసి పసుపులో కలిసిపోతుంది, వేడి నీళ్లు పోస్తే ఎలాస్టిక్ సాగుతుంది. వానాకాలం నల్లరేగడి గ్రౌండ్‌లో ఆడితే సాకెట్‌లో మట్టి ఎండిపోకముందే పుల్లతో తీసేయాలి, ఎండిన మట్టి మీద గుండు నొక్కితే సాకెట్ అంచు పగులుతుంది.